వార్షికోత్సవ డాక్యుమెంటరీ: ఎలాంటిది తీయించాలి, ఎవరి చేత తీయించాలి?

పేదరికం మీద పనిచేసే సంస్థకి పదేళ్లో, పాతికేళ్లో, యాభయ్యేళ్లో నిండబోతుంటే కమిటీ మీటింగులో ఒకరు తప్పకుండా అంటారు: "ఈసారి ఒక డాక్యుమెంటరీ తీయిద్దాం." అందరూ తలూపుతారు. మినిట్స్‌లో రాసేస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. తలూపిన ఎనిమిది మంది కళ్ల ముందూ ఎనిమిది సినిమాలు ఆడుతుంటాయి మరి. అధ్యక్షులవారికి వ్యవస్థాపకుల జీవితం కనిపిస్తుంది. కోశాధికారికి దాతలకు పంపే ఐదు నిమిషాల వీడియో కనిపిస్తుంది. ఫీల్డులో తిరిగేవాళ్లకి ఇన్నేళ్లుగా తాము చూసిన ముఖాలు కనిపిస్తాయి. కొత్తగా చేరిన కుర్రవాడికి డ్రోన్ షాట్ కనిపిస్తుంది.

నేను ఇలాంటి సినిమాలు చాలాకాలం ఎడిట్ చేశాను. తర్వాత ఒక చిన్న సంస్థ కమిటీలో కూర్చుని, డబ్బిచ్చే వైపు నుంచి కూడా ఒకటి తీయించాను. ఏ రకం సినిమా, ఎవరు తీస్తారు, ఎంత నిడివి అని మనం కొటేషన్లు ముందేసుకుని పోల్చుకుంటాం గానీ, వాటన్నిటి అడుగునా ఉండే ప్రశ్న ఒకటుంది. సంస్థ పగ్గాలు ఎంతవరకు వదలగలదు? బిగించి పట్టుకున్నకొద్దీ కమిటీకి భయం తగ్గుతుంది, చూసేవాళ్లకి నమ్మకమూ తగ్గుతుంది. కింద చెప్పే ప్రతి ఆప్షన్‌నీ ఈ లెక్కలోనే చూడండి.

ముందు, చూసేదెవరు?

"అందరూ చూడాలి" అంటే ఏమీ చెప్పనట్టే. దాతల కోసమైతే ఒక సినిమా. సంస్థలో పనిచేసినవాళ్లు చూసుకుని మురిసిపోవడానికైతే ఇంకో సినిమా. పేదరికం గురించి పెద్దగా ఆలోచించని మామూలు జనం కోసమైతే మరో సినిమా. ఫంక్షన్ రోజు హాల్లో కూర్చునేది మీవాళ్లే, ఏం చూపించినా చప్పట్లు కొడతారు. ఆ మర్నాటి నుంచి అది ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చుకోండి.

నేను ఎడిట్ చేసిన ఒక పాతికేళ్ల సినిమా సంగతి చెబుతాను. కమిటీ వాళ్లు పంపిన కాగితంలో కథ లేదు, పేర్లున్నాయి. ముప్పై ఒక్క పేర్లు. ఒక్కరు కూడా తప్పిపోకూడదని కింద ఎర్ర సిరాతో రెండు గీతలు. ఇరవై రెండు నిమిషాల సినిమాలో తొమ్మిది నిమిషాలు రిబ్బన్ కత్తిరింపులూ, జ్ఞాపికలూ, చెక్కు పట్టుకుని కెమెరా వైపు చూసే ఫొటోలే. ఫంక్షన్‌లో బాగానే నడిచింది. ఎవరి పేరొస్తే వాళ్లు కూర్చున్న వరుసలోంచి చప్పట్లు. ఆ తర్వాత దాన్ని మళ్లీ ఎవరైనా పెట్టుకుని చూశారని నేను వినలేదు. కృతజ్ఞత చెప్పాలనుకోవడం తప్పు కాదు. కాకపోతే దానికి డాక్యుమెంటరీ అక్కర్లేదు, మూడు నిమిషాల స్లైడ్‌షో చాలు, ఆఫీసులోనే ఎవరో ఒకరు చేసేస్తారు. సన్మానం పని వేరే, సినిమా పని వేరే అని మొదటి మీటింగులోనే విడదీసుకుంటే సగం టెన్షన్ తగ్గిపోతుంది.

నాలుగు రకాల సినిమాలు

ఎక్కువమంది ముందుగా అనుకునేది సంస్థ చరిత్ర. ఎలా మొదలైంది, ఎవరు మొదలుపెట్టారు, ఏ ఏడు ఏం జరిగింది. మొదటి తరం వాళ్లు ఇంకా మనమధ్య ఉండి, వాళ్ల జ్ఞాపకం గట్టిగా ఉండి, పాత ఫొటోలో టేపులో ఉంటే ఇది మంచి ఎంపిక. అవేవీ లేకపోతే సినిమా అంతా కుర్చీలో కూర్చుని మాట్లాడేవాళ్లే ఉంటారు. పైగా చరిత్ర చెప్పేటప్పుడు ప్రతి సంస్థా మెట్లెక్కుతూ పోయినట్టే చెప్పుకుంటుంది. చూసేవాడికి పదో నిమిషంలో అనుమానం వస్తుంది. అందుకే నేనొక పరీక్ష పెడతాను: "మీరు మొదలుపెట్టి మూసేసిన ప్రోగ్రాం ఒకటి చెప్పండి, కెమెరా ముందు దాని గురించి మాట్లాడతారా?" మాట్లాడతామంటే చరిత్ర సినిమాకి ప్రాణం ఉంటుంది. అప్పిచ్చిన కుట్టుమిషన్లు మూలన పడ్డాయనీ, ఎందుకు పడ్డాయో తెలుసుకోవడానికి రెండేళ్లు పట్టిందనీ ఒక పాత ఉద్యోగి చెప్పిన నాలుగు నిమిషాలు, మిగతా సినిమా మొత్తాన్నీ నమ్మేలా చేయడం నేను ఎడిటింగ్ టేబుల్ మీదే చూశాను.

రెండోది ఒక మనిషి, లేదా ఒక కుటుంబం కథ. సంస్థ పక్కన ఎక్కడో ఉంటుంది, తెర మీద మాత్రం ఆ మనిషి రోజులే నడుస్తాయి. బయటి జనాన్ని పట్టుకోవడానికి దీన్ని మించింది లేదు. కానీ దీనికి డబ్బుకన్నా టైమ్ ఎక్కువ కావాలి. ఒక్కరోజు వెళ్లి తీసుకొస్తే మనకొచ్చేది ఇంటర్వ్యూ మాత్రమే. నాలుగైదు సార్లు, కొన్ని నెలల ఎడంతో వెళ్తేనే జీవితం కదలడం కనిపిస్తుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది, అది నా చేతుల మీదే జరిగింది.

ఆ సినిమాలో ఒకావిడ వంటగది మూల షాట్ ఒకటి ఉంది. గట్టు మీద నాలుగు గిన్నెలు బోర్లించి ఉన్నాయి, కిటికీలోంచి వెలుతురు ఏటవాలుగా వాటి మీద పడుతోంది. కెమెరామన్ ప్రేమగా తీశాడు. నేను దాని మీద వాయిస్ ఓవర్ వేశాను, పొయ్యి వెలగని రోజుల గురించి. రఫ్ కట్, అంటే తుది మెరుగులకి ముందు కూర్చిన సినిమా, ఆవిడకి చూపించాం. కదలకుండా చివరిదాకా చూసింది. అయ్యాక దర్శకుడి వైపు తిరిగి, "బాబూ, ఆ గిన్నెలు ఖాళీవి కావు. మీరొస్తున్నారని పొద్దున్నే తోమి బోర్లించాను," అంది. ఎవరం మాట్లాడలేదు. ఆవిడే నవ్వి, "అంత తళతళలాడుతున్నాయి, కనబడట్లేదా?" అంది. షాట్ ఉంచాం, వాక్యం తీసేశాం.

రఫ్ కట్ చూపించాలని ఆ కాంట్రాక్టులో ఎక్కడా లేదు. అది ఆ దర్శకుడి సొంత అలవాటు. అప్పట్నుంచి నేను దాన్ని షరతుగా రాయిస్తున్నాను.

మూడోది సమస్య మీద సినిమా: అద్దె ఇళ్లు, అప్పులు, చదువు మానేసిన పిల్లలు, ఇలా మీరు పనిచేసే అంశమే కథావస్తువు. ఇది కొత్త ఆలోచనేం కాదు. 1935లో బ్రిటన్‌లో ఆర్థర్ ఎల్టన్, ఎడ్గర్ ఆన్‌స్టీ 'హౌసింగ్ ప్రాబ్లమ్స్' అనే చిన్న డాక్యుమెంటరీ తీశారు. లండన్‌లో స్టెప్నీ మురికివాడల్లో ఉండేవాళ్లు తమ గదుల్లోనే నిలబడి ఎలకల గురించీ పురుగుల గురించీ నేరుగా కెమెరాతోనే చెప్పారు. డబ్బు పెట్టింది మాత్రం గ్యాస్ కంపెనీల సంఘం. పాత ఇళ్లు పడగొట్టి కొత్త ఫ్లాట్లు కడితే గ్యాస్ వాడకం పెరుగుతుందన్నది వాళ్ల లెక్క. స్పాన్సర్‌కి సొంత లాభం ఉన్నా, మాట్లాడేవాళ్ల మాట వాళ్లకే వదిలేసింది కాబట్టి ఆ సినిమా ఇవాళ్టికీ డాక్యుమెంటరీ చరిత్రలో నిలిచింది. మీ సంస్థ వార్షికోత్సవానికి సమస్య మీద సినిమా తీయిస్తే మీ పేరు టైటిల్స్‌లో తప్ప ఎక్కడా రాకపోవచ్చు. దానికి కమిటీ మనసు ఒప్పుకుంటుందా అన్నది ముందే అడిగేయండి. ఒప్పుకునే కమిటీలు తక్కువ, నేను చూసినంతలో.

నాలుగోది వాళ్ల సినిమా వాళ్ల చేతుల్లోనే పెట్టడం. దీనికి ఎప్పుడూ గుర్తొచ్చే ఉదాహరణ ఫోగో దీవి. 1967లో కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డు తరఫున దర్శకుడు కాలిన్ లో న్యూఫౌండ్‌లాండ్ తీరంలోని ఆ దీవికి వెళ్లారు. చేపలవేట దెబ్బతిని జనం ఇబ్బందుల్లో ఉన్నారు, వాళ్లని అక్కణ్నుంచి తరలించాలన్న ఆలోచనలో ప్రభుత్వం ఉంది. ఆయన ఒక పెద్ద సినిమా తీయకుండా, అక్కడి మనుషుల మాటలతో 27 చిన్న సినిమాలు తీశారు. వాటిని ముందు దీవి వాళ్లకే చూపించారు. వాళ్లు సరేనన్నాకే బయటికి పంపారు. ఒక ఊరివాళ్లు అన్నది ఇంకో ఊరివాళ్లు తెర మీద చూసి, మన బాధా ఇదే కదా అనుకున్నారు. తర్వాత అధికారులూ చూశారు. దీవివాళ్లు సహకార సంఘం పెట్టుకుని అక్కడే నిలబడ్డారు. అంతా సినిమాల వల్లే జరిగిందని అనను, సంఘటితమయ్యే పని అప్పటికే నడుస్తోంది. కానీ ఎవరి గురించి తీశారో వాళ్లకే మొదట చూపించడమన్న పద్ధతి అప్పట్నుంచి చాలామందికి దారి చూపింది.

ఇప్పుడు ఫోన్ కెమెరాలున్నాయి కాబట్టి ఇంకో అడుగు ముందుకేసి, కెమెరానే వాళ్లకిచ్చి నేర్పించవచ్చు. నేర్పించే మనిషి కావాలి, కొన్ని నెలలు కావాలి, వచ్చే బొమ్మ నున్నగా ఉండదని ముందే ఒప్పుకోవాలి. వాళ్లు మీ సంస్థ గురించి అసలేమీ అనకపోవచ్చు. మీ ఆఫీసులో గంటలకొద్దీ వెయిట్ చేయించారని కూడా అనొచ్చు!

నన్నడిగితే, మధ్యతరహా సంస్థలకి రెండోదే సరిపోతుంది. ఒక మనిషి కథ తీసుకుని, అందులో సంస్థ చరిత్రని అవసరమైనచోట మాత్రం కలపడం. ఆ మనిషి జీవితంలోకి సంస్థ ఏ ఏడు వచ్చిందో, ఎప్పుడు పనికొచ్చిందో, ఎప్పుడు రాలేదో అనేవాటి చుట్టూనే చరిత్ర దానంతటది వచ్చేస్తుంది. అయితే కనీసం ఏడాది టైముంటేనే దీని జోలికి వెళ్లండి.

ఎవరి చేత తీయించాలి?

ప్రొడక్షన్ హౌస్‌లకీ, యాడ్ ఏజెన్సీలకీ పని ఒక పద్ధతిలో నడుస్తుంది. తేదీకి ఇస్తారు, ఇన్‌వాయిస్ ఉంటుంది, మనిషి జబ్బుపడితే ఇంకో మనిషి వస్తాడు. ఐదు నిమిషాల దాతల వీడియో కావాలంటే వీళ్ల దగ్గరికే వెళ్లండి. కానీ వాళ్లకి అలవాటైన భాష ప్రకటన భాష. ముందు చీకటి, తర్వాత వెలుగు, మధ్యలో లోగో. పేదరికాన్ని ఆ అచ్చులో పోస్తే వచ్చేది ఎలా ఉంటుందో మనందరం చూశాం.

స్వతంత్రంగా పనిచేసే డాక్యుమెంటరీ దర్శకులు దీనికి పూర్తిగా ఎదురు. ఇద్దరు ముగ్గురి టీమ్. మనుషుల దగ్గర కూర్చుంటారు, అవసరమైతే మొదటి రెండు రోజులు కెమెరా బయటికి తీయరు. ఆ ఓపికే మీకు కావలసింది. ఇబ్బంది ఎక్కడంటే వాళ్లకి సొంత అభిప్రాయం ఉంటుంది, డేట్లు జరుగుతాయి, కమిటీలో పదిమంది పది మార్పులు చెబితే ఫోన్ ఎత్తడం మానేస్తారు. వాళ్లతో పనిచేసేటప్పుడు సంస్థ తరఫున మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి, ఆ మనిషికి సరే అని చెప్పే అధికారం ఉండాలి.

సొంత స్టాఫ్‌తో తీయించుకుంటే ఖర్చు తగ్గుతుంది, జనానికి వాళ్లు ముందే తెలుసు కాబట్టి బిగుసుకోరు. అయితే సాయం అందించే మనిషే కెమెరా పట్టుకుని "మా సంస్థ ఎలా ఉంది?" అని అడిగితే ఎవరైనా ఏం చెబుతారు? బాగుందనే చెబుతారు. అందుకే సొంత టీమ్‌ని రోజువారీ షాట్లు పోగుచేయడానికి వాడుకోండి, ఇంటర్వ్యూలు మాత్రం బయటివాళ్లకి అప్పగించండి. ఫిల్మ్ స్కూల్ విద్యార్థులు కూడా మంచి ఆప్షనే, పక్కన అనుభవమున్న ఎడిటర్ ఉంటే. విద్యార్థులు ఎక్కువగా తడబడేది సౌండ్ దగ్గరే.

ఎవరైనా "మంచిపని కదా, ఫ్రీగా చేసిపెడతాం" అంటే సంతోషించండి, కానీ కాంట్రాక్టు మాత్రం డబ్బిచ్చినట్టే రాసుకోండి. ఫ్రీ పని ఎప్పుడూ క్యూలో చివర ఉంటుంది. జీతమిచ్చే పని రాగానే మన పని వెనక్కిపోతుంది, మనం అడగలేం కూడా.

ఎంచుకునేటప్పుడు షోరీల్, అంటే వాళ్ల పనిలోంచి మంచి షాట్లు ఏరి కూర్చిన వీడియో, చూసి మోసపోకండి. రెండు నిమిషాల షోరీల్‌లో ఎవరి పనైనా అందంగానే ఉంటుంది. వాళ్లు తీసిన సినిమా ఒకటి మొత్తం చూపించమనండి. పది నిమిషాలయ్యాక కళ్లు మూసుకుని వినండి: మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయా, మ్యూజిక్ మాటల మీదికి ఎక్కుతోందా? చూసేవాళ్లు మసక బొమ్మనైనా ఓర్చుకుంటారు గానీ వినపడని మాటని ఓర్చుకోరు. తర్వాత ఒక్క ప్రశ్న వేయండి: "ఇందులో ఉన్నవాళ్లు ఈ సినిమా చూశారా? చూసి ఏమన్నారు?" ఈ ప్రశ్నకి ఎవరైనా తడుముకుంటే నేను ఇక ఆ కొటేషన్ చూడను.

ఫైనల్ కట్ ఎవరిది?

గొడవలన్నీ ఇక్కడే. సంస్థ డబ్బిచ్చింది కాబట్టి ఆఖరి మాట తనదే అనుకుంటుంది. దర్శకుడు తన పేరు పడుతుంది కాబట్టి తనదే అంటాడు. నేను రెండు వైపులా పనిచేశాక నమ్మే పద్ధతి ఇది: మూడు విషయాల్లో సంస్థకి వీటో ఉండాలి. తెర మీద వచ్చిన సమాచారం తప్పైతే, ఎవరి భద్రతకైనా ముప్పుంటే, ఎవరైనా తమ అనుమతి వెనక్కి తీసుకుంటే. ఈ మూడూ తప్ప మిగతావన్నీ, ఏ షాట్ ముందు, ఏ పాట, ఎవరికెన్ని నిమిషాలు అనేవన్నీ, సలహాలే. రఫ్ కట్ మీద ఒకసారి, దాదాపు పూర్తయిన ఫైన్ కట్ మీద ఒకసారి, మొత్తం రెండుసార్లు రాతపూర్వకంగా మార్పులు చెప్పే అవకాశం. ఆ పైన ప్రతి రౌండ్‌కీ అదనపు చార్జీ అని రాసుకుంటే కమిటీ సభ్యులు వాట్సాప్‌లో రాత్రి పదకొండింటికి పంపే సలహాలు ఆశ్చర్యంగా తగ్గిపోతాయి.

నిడివి

దీనిమీద ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ఫంక్షన్‌లో చూపించడానికి 12 నుంచి 15 నిమిషాలు. అంతకు మించితే హాల్లో ఫోన్ల వెలుగులు మొదలవుతాయి. టీవీకి ఇవ్వాలనుకుంటే 26 లేదా 52 నిమిషాల స్లాట్లు మామూలు. ఫెస్టివల్స్‌కి పంపాలనుకుంటే 40 నిమిషాలు గుర్తుపెట్టుకోండి. ఆస్కార్ నిబంధనల్లో టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాలు దాటనిది షార్ట్ కిందికి వస్తుంది. కొన్ని ఫెస్టివల్స్ ఇంటర్నెట్‌లో అప్పటికే పెట్టేసిన సినిమాని తీసుకోవు, కాబట్టి ఫంక్షన్ మర్నాడే యూట్యూబ్‌లో పెట్టేముందు ఒకసారి నిబంధనలు చదవండి. సోషల్ మీడియాకి చిన్న ముక్కలు కావాలంటే, నిలువు ఫ్రేమ్‌లో, అది షూటింగ్‌కి ముందే చెప్పాలి. అడ్డంగా తీసినదాన్ని తర్వాత నిలువుగా కోస్తే సగం మనిషి బయటికి పోతాడు.

బీరువాలో ఉన్న పాత టేపులు

చరిత్ర సినిమా తీయించినా తీయించకపోయినా ఈ పని మాత్రం ఇవాళే మొదలుపెట్టండి. టేపు మీది అయస్కాంత పూత కాలం గడిచేకొద్దీ పాడవుతుంది. టేపు బాగున్నా, దాన్ని ఆడించే మెషీన్ దొరకాలి కదా. వీహెచ్ఎస్ వీసీఆర్‌లు తయారుచేస్తూ వచ్చిన చివరి కంపెనీ ఫునాయ్, 2016 జులైలో ఆపేసింది. ఉన్న మెషీన్లు అరిగిపోతున్నాయి. సినిమా బడ్జెట్‌లో పాత టేపుల డిజిటైజేషన్‌కి ఒక లైను విడిగా పెట్టండి, ఏ ఆప్షన్ ఎంచుకున్నా సరే. సినిమా ఎలా వచ్చినా ఈ ఖర్చు వృథా పోదు.

టేపు పెట్టెలు తెరిచే రోజు సంస్థలో అందరికన్నా పాత మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. పెట్టె మీద "మీటింగ్ 3" అని మాత్రమే ఉంటుంది. అందులో ఎవరున్నారో, ఎందుకు ఏడుస్తున్నారో చెప్పగలిగేది ఆ మనిషే. చెబుతుండగా ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి.

పాత బొమ్మలతో ఇంకో మెలిక ఉంది. ఇరవై ఏళ్ల క్రితం మీ బ్రోచర్ మీద వేసిన పసివాడికి ఇప్పుడు ఉద్యోగం, పెళ్లి, అత్తగారు ఉంటారు. చిరిగిన చొక్కాతో ఉన్న ఆ ఫొటో మళ్లీ పెద్ద తెర మీద వేయాలంటే అప్పట్లో వాళ్లమ్మ పెట్టిన సంతకం నైతికంగా చాలదు. వెతికి పట్టుకుని అడగండి. దొరక్కపోతే వాడకండి. ఒక సంస్థలో ఇలాగే వెతుక్కుంటూ వెళ్తే, ఆ అబ్బాయి ఫొటో వద్దన్నాడు గానీ తనే వచ్చి ఇంటర్వ్యూ ఇచ్చాడు. సినిమాలో అదే అన్నిటికన్నా మంచి భాగం అయింది.

అనుమతి, గౌరవం

సాయం చేసే సంస్థలు తీసే వీడియోలు జనాన్ని దీనంగా మాత్రమే చూపిస్తాయన్న విమర్శ కొత్తగా పుట్టింది కాదు. నార్వేలో విద్యార్థుల, అధ్యాపకుల సహాయ నిధి ఎస్ఏఐహెచ్ 2012లో ఒక వ్యంగ్య వీడియో చేసింది. చలికి వణికే నార్వే ప్రజలకి గదిని వేడిచేసే రేడియేటర్లు పంపించి ఆదుకోండంటూ ఆఫ్రికావాళ్లు పాడే పాట అది. తర్వాత కొన్నేళ్లపాటు వాళ్లు అవార్డులు కూడా ఇచ్చారు: మంచి విరాళాల ప్రకటనకి బంగారు రేడియేటరు, చెడ్డదానికి తుప్పుపట్టిన రేడియేటరు. ఆ తుప్పు రేడియేటరు మనకి రాకుండా చూసుకోవాలంటే స్క్రిప్ట్ మీద ఒక చిన్న పని చేయండి. వాయిస్ ఓవర్‌లో ఉన్న ప్రతి వాక్యం పక్కనా, "ఈ మాట ఆ మనిషి ఎదురుగా కూర్చుని చదవగలమా?" అని టిక్ పెట్టుకుంటూ పోండి. చదవలేనివి కొట్టేయండి.

అనుమతి పత్రం వాళ్ల భాషలో, ఒక్క పేజీలో ఉండాలి. చదవలేనివాళ్లకి చదివి వినిపించి, ఆ వినిపించడాన్నీ వాళ్ల జవాబునీ రికార్డు చేయండి. సినిమా ఎక్కడెక్కడ కనిపిస్తుందో చెప్పాలి. "ఇంటర్నెట్‌లో పెడతాం" అంటే సరిపోదు, "మీ పక్కింటివాళ్ల ఫోన్‌లో కూడా రావచ్చు" అని చెబితే అర్థమవుతుంది. వద్దంటే సాయం ఆగిపోదని కూడా చెప్పాలి, అది చెప్పేది సాయం అందించే ఉద్యోగి కాకుండా వేరే ఎవరైనా అయితే మేలు. పిల్లలైతే తల్లిదండ్రుల సంతకంతో పాటు పిల్లల ఇష్టం కూడా అడగండి. వ్యక్తిగత జీవితంలోకి చొరబడకుండా పిల్లలకి రక్షణ ఉండాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 16వ అధికరణం చెబుతోంది.

కెమెరా ముందు కూర్చున్నవాళ్లకి డబ్బివ్వాలా? దీని మీద వాదనలు ఉన్నాయి. కథ కోసం డబ్బిస్తే కథ మారిపోతుందని కొందరి భయం. నా మటుకు నాకు, రోజు కూలి మానుకుని కూర్చున్న మనిషికి ఆ రోజు కూలి ఇవ్వకపోవడం, అదీ పేదరికం మీద సినిమాకి, సిగ్గుచేటుగా అనిపిస్తుంది. ఎంత ఇస్తున్నామో అందరికీ ఒకేలా, ముందే చెప్పి, ఏం మాట్లాడతారన్నదానితో సంబంధం లేకుండా ఇస్తే సరిపోతుంది.

డబ్బు, కాగితాలు

"ఈ డబ్బుతో ఎంతమందికి సాయం చేయొచ్చు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగాలి కూడా. మామూలు విరాళాల్లోంచి తీయకుండా సినిమాకి విడిగా ఒక దాతని చూసుకుని, ఆ సంగతి టైటిల్స్‌లో రాయడమే దీనికి సూటి జవాబు. అలాంటి దాత దొరక్కపోతే బడ్జెట్ తగ్గించుకోవడం మంచిది. తగ్గించేటప్పుడు డ్రోన్ తీసేయండి, రెండో కెమెరా తీసేయండి, షూటింగ్ రోజులు తగ్గించండి. సౌండ్ మీద, ఎడిటింగ్ మీద, సబ్‌టైటిల్స్ మీద మాత్రం చెయ్యి వేయకండి.

రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టి కింద ఉన్న మొత్తం మాత్రమే చూస్తే తప్పుదారి పడతాం. చౌకగా కనిపించేదాంట్లో సబ్‌టైటిల్స్ ఉండవు, మ్యూజిక్ హక్కులు ఉండవు, ప్రయాణం "యాక్చువల్స్" అని, అంటే ఎంతైతే అంత విడిగా ఇవ్వాలని ఉంటుంది. షూటింగ్ ఎన్ని రోజులు, ఎడిటింగ్ ఎన్ని రోజులు అని విడివిడిగా రాయించండి. డాక్యుమెంటరీకి షూటింగ్ రోజులకన్నా ఎడిటింగ్ రోజులు తక్కువ చూపిస్తే ఆ మనిషి ఫుటేజ్ మొత్తం చూడబోవట్లేదని లెక్క. పదిహేను నిమిషాల సినిమాకి పది పన్నెండు గంటల ఫుటేజ్ రావడం మామూలే. అది ఊరికే చూడటానికే రెండు రోజులు పోతుంది.

మ్యూజిక్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. ఒక పాట వాడాలంటే రెండు హక్కులు కావాలి: రాసి బాణీ కట్టినవాళ్లది ఒకటి, ఆ రికార్డింగ్ ఎవరిదో వాళ్లది ఇంకొకటి. ఒకటి తీసుకుని రెండోది మర్చిపోతే ఆన్‌లైన్‌లో పెట్టిన రోజే సౌండ్ మ్యూట్ అయిపోవచ్చు. క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా దొరికేవాటిలోనూ లైసెన్స్ పేరు చివర 'ఎన్‌డీ' (నో డెరివేటివ్స్, అంటే మార్చినదాన్ని పంచుకోకూడదు) అని ఉంటే దాన్ని వీడియోకి జతచేయకూడదు. బొమ్మకి సంగీతం జతచేయడాన్ని కూడా మార్పు కిందే లెక్కేస్తారు.

చెల్లింపు నాలుగు వాయిదాలుగా పెట్టుకోండి: సంతకం రోజు, షూటింగ్ అయ్యాక, రఫ్ కట్ వచ్చాక, అన్నీ చేతికందాక. ఆ "అన్నీ" ఏమిటో రాసుకోవాలి. పూర్తి సినిమా మాస్టర్ ఫైల్, అక్షరాలు లేని కాపీ, సబ్‌టైటిల్స్ విడి ఫైలుగా, మ్యూజిక్ వివరాలు, అనుమతి పత్రాలు, రా ఫుటేజ్ (ఎడిట్ చేయని అసలు రికార్డింగ్) మొత్తం. రా ఫుటేజ్ గురించి ముందే రాయకపోతే తర్వాత ఇవ్వడానికి చాలామంది ఇష్టపడరు. సెకనుకి 100 మెగాబిట్ల రికార్డింగ్ అయితే గంటకి 45 జీబీ, పన్నెండు గంటలకి 540 జీబీ. రెండు హార్డ్ డిస్కులు కొని ఒకటి ఆఫీసులో, ఒకటి ఇంకెక్కడైనా పెట్టండి. వచ్చే పాతికేళ్ల పండక్కి ఇదే మీ పాత టేపుల పెట్టె.

మూడు నెలలే ఉంటే?

అప్పుడు డాక్యుమెంటరీ వద్దు. ఎవరు ఒప్పుకున్నా వద్దు. హడావిడిలో అనుమతులు సరిగా తీసుకోరు, రఫ్ కట్ ఎవరికీ చూపించరు, చివరికి వచ్చేది ఆ ముప్పై ఒక్క పేర్ల సినిమానే. ఫంక్షన్‌కి స్లైడ్‌షో చేసుకుని, సినిమాని మరుసటి ఏడాదికి వేసుకోండి. ఇరవై ఆరో ఏట విడుదల చేస్తే ఎవరూ కాదనరు.

ఆ మూడు నెలల్లో చేయదగ్గ పని ఒకటుంది. సంస్థ మొదటి రోజుల్లో పనిచేసినవాళ్లనీ, మొదటిసారి సాయం తీసుకున్నవాళ్లనీ ఒక్కొక్కర్నీ గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడించండి. ఫోన్ చాలు, స్టాండు మీద పెట్టండి. చొక్కాకి పెట్టుకునే చిన్న కాలర్ మైక్ మాత్రం కొనండి. ఫ్యాన్ ఆపండి, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, ముందు ఒక నిమిషం రికార్డు చేసి ఇయర్‌ఫోన్స్‌తో విని చూసుకోండి. పేరు, ఎప్పుడు వచ్చారు, మొదటి రోజు ఏం చూశారు అని అడిగి, తర్వాత మధ్యలో మాట్లాడకుండా ఊరుకోండి. ఎనభై దాటినవాళ్ల దగ్గరికి ఈ వారమే వెళ్లండి.